ఇంట్లోనే ఐ.ఎన్.ఆర్. చూసుకునే మీటరు: ఐదేళ్ల వాడకం తరువాత

గుండెలో కృత్రిమ కవాటం వేయించుకుని, రోజూ రక్తం పలచబడే మాత్ర మింగుతున్న మా అమ్మ కోసం 2020 జూన్‌లో రోష్ కంపెనీ వారి కోగుచెక్ ఎక్స్.ఎస్. అనే మీటరు కొన్నాము. వేలి కొన నుంచి తీసిన ఒక్క చుక్క రక్తంతో, నిమిషం లోపే, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో తెలిపే ఐ.ఎన్.ఆర్. అనే అంకెను చెప్పే చిన్న యంత్రం ఇది; చూడడానికి మధుమేహం ఉన్నవారు వాడే గ్లూకోమీటరుకు అన్నలా ఉంటుంది. ఐదేళ్లకు పైగా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష కనుక నా తీర్పు ముందే చెప్పేస్తాను. యంత్రం మంచిది, అది చూపే అంకె నమ్మదగినది, ల్యాబు దూరంగా ఉన్న ఇంటికి కొనదగినది. అయితే ఆ అంకె ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఆలోచించే మనిషి ఒకరు ఇంట్లో లేకపోతే డబ్బు పెట్టి కంగారు కొనుక్కున్నట్లే అవుతుంది. అందుకే యంత్రం గురించి ఎంత రాస్తున్నానో మాత్ర గురించి కూడా అంతే రాయవలసి వస్తోంది.

మన వైపు గుండె రోగులు మింగే మాత్రలలో చాలా వాటికి 'రక్తం పలచన మాత్ర' అనే ఒక్క పేరే ఉంది. స్టెంటు వేయించుకున్న మా బాబాయి మింగే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలకూ అదే పేరు, అమ్మ మింగే ఎసిట్రోమ్‌కూ అదే పేరు, గుండె లయ తప్పిందని ఎదురింటి పెద్దాయనకు రాసిచ్చిన అపిక్సబాన్‌కూ అదే పేరు. వీటిలో ఏదీ రక్తాన్ని మజ్జిగలో నీళ్లు పోసినట్లు పలచన చేయదు. గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది, అంతే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ కాలేయంలో జరిగే పనికి అడ్డుపడతాయి. విటమిన్ కె సాయంతో అక్కడ తయారయ్యే 2, 7, 9, 10 అనే గడ్డకట్టే ఫ్యాక్టర్లు వీటి వలన సరిగా తయారు కావు. అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటి కొత్త మాత్రలు తయారీ జోలికి పోకుండా, పదో ఫ్యాక్టరు పనినే నేరుగా ఆపుతాయి. ఈ తేడా మీటరు కొనేవారికి చాలా ముఖ్యం, ఎందుకంటే ఇది ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారికి మాత్రమే పనికొస్తుంది. మీటరు వచ్చిన కొత్తలో మా బాబాయి "నాది కూడా ఓసారి చూడరా" అని వేలు చాపాడు. ఆస్పిరిన్ ప్రభావం ఐ.ఎన్.ఆర్.లో కనిపించదని, అపిక్సబాన్ వాడే ఎదురింటాయనకు చూసినా ఆ అంకెకు అర్థం ఉండదని చెబితే ఇద్దరూ కొంచెం నొచ్చుకున్నారు.

అమ్మ సంగతి వేరు. చిన్నప్పుడు గొంతునొప్పితో వచ్చి, కీళ్లకు పాకి, పట్టించుకోకుండా వదిలేసిన రుమాటిక్ జ్వరం, గుండెలో ఎడమవైపు గదుల మధ్య ఉండే ఆమె మైట్రల్ కవాటాన్ని నెమ్మదిగా పాడుచేసింది. 2016లో ఆరోగ్యశ్రీ కింద కవాటం మార్చారు. వేసినది తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో రూపొందించిన కవాటం. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన ఈ కవాటం మన దేశంలో ఎందరో మధ్యతరగతి, పేద రోగులకు గుండె ఆపరేషనును అందుబాటులోకి తెచ్చింది. ఇటువంటి యాంత్రిక కవాటం దశాబ్దాల పాటు అరగదు, కానీ రక్తానికి అది పరాయి వస్తువే కనుక దాని అంచుల మీద గడ్డలు కడతాయి. గడ్డ అక్కడే ఉంటే కవాటం బిగుసుకుంటుంది, విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కాబట్టి మాత్ర జీవితాంతం తప్పదు. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు దారిని కొలిచే అంకే ఐ.ఎన్.ఆర్. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో యాంత్రిక కవాటం ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. గుండె లయ తప్పినందుకు వార్ఫరిన్ వాడేవారికైతే 2 నుంచి 3 చాలు. ఎవరి హద్దు ఎంతో వారి డాక్టరు చీటీ మీద రాయించుకోవాలి. పక్కింటివారి హద్దుతో మన అంకెను పోల్చుకోకూడదు.

రోజూ అపిక్సబానో, రివరోక్సబానో వేసుకుంటే ఈ పరీక్షల గొడవే ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్న నేనూ అడిగాను. కృత్రిమ యాంత్రిక కవాటాలు ఉన్నవారిలో డాబిగాట్రాన్ అనే మరో కొత్త మాత్రను పరీక్షించిన అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. బృహద్ధమని స్థానంలో ఒక ప్రత్యేక రకం కవాటం ఉన్నవారికి అపిక్సబాన్ ఇచ్చి చూసిన ప్రయత్నాన్ని కూడా 2022లో అలాగే ముందుగా నిలిపివేశారు. అదే ఏడాది, రుమాటిక్ గుండె జబ్బుతో లయ తప్పిన నాలుగున్నర వేల మందిపై అనేక దేశాల్లో జరిగిన అధ్యయనంలో రివరోక్సబాన్ కంటే పాత మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. అంటే అమ్మ వంటివారికి పాత మాత్రే దిక్కు, దానితో పాటు పరీక్ష కూడా తప్పదు. కొత్త మాత్రలు చెడ్డవని నేననడం లేదు. కవాటం మార్పించుకోని, కవాటం సన్నబడని ఎందరో లయ రోగులకు అవి హాయిగా ఉన్నాయి. ఎవరికి ఏదన్నది మందుల షాపులో తేలే విషయం కాదు.

ఆ పాత మాత్ర చరిత్ర కూడా విచిత్రమైనదే. 1920 దశకంలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక రకం గడ్డి తిన్న పశువులు కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా ఆగకుండా రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని దోషాన్ని వేరుచేసింది. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో మొదట ఎలుకల మందుగా అమ్ముడుపోయి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మా నాన్నకు ఈ కథ చెప్పి తప్పు చేశాను. అప్పటినుంచి ఆయన సాయంత్రం ఆరు కాగానే "ఎలకల మందు వేసుకున్నావా?" అని అమ్మను అడుగుతుంటాడు. మాత్ర వేళ తప్పకపోవడానికి ఆ ఎకసెక్కం కూడా కొంత కారణమేమో.

మన దగ్గర వార్ఫరిన్ కంటే దాని తోబుట్టువైన ఎసిట్రోమ్‌నే ఎక్కువగా రాస్తారు. రెండూ ఒకే పని చేస్తాయి కానీ ఒంట్లో నిలిచే కాలంలో తేడా ఉంది: వార్ఫరిన్ సగానికి తగ్గడానికి దాదాపు ఒకటిన్నర రోజు పడితే, ఎసిట్రోమ్ పదిగంటల లోపో, కాస్త అటూ ఇటుగానో తగ్గిపోతుంది. అందువలన ఒక పూట మాత్ర మరిచిపోతే దాని ఫలితం ఎసిట్రోమ్‌లో త్వరగా బయటపడుతుంది. మరిచిపోయిన మాత్రకు బదులు మర్నాడు రెండు వేసుకోకూడదు. ఇంకొక సంగతి, ఈ మాత్ర మోతాదు ఈరోజు మారిస్తే దాని పూర్తి ఫలితం రేపే కనిపించదు. పాత ఫ్యాక్టర్లు రక్తంలో అయిపోయేదాకా రెండు మూడు రోజులు పడుతుంది. మీటరు చేతిలో ఉంది కదా అని ఈరోజు మాత్ర మార్చి రేపు పొద్దున్నే వేలు పొడిచే ఆత్రం మాకూ మొదట్లో ఉండేది. అలా చేసి నాలుగు స్ట్రిప్‌లు (రక్తపు చుక్క తాకించే పరీక్ష పట్టీలు) వృథా చేసుకున్నాక మానుకున్నాం.

మీటరు రాకముందు సంగతి చెప్పాలి. మా ఊరు పల్నాడులో రెంటచింతలకు దగ్గర. మాకు నమ్మకం కుదిరిన ల్యాబు నరసరావుపేటలో ఉంది. నెలకోసారి పొద్దున్నే బస్సెక్కి, వరుసలో కూర్చుని, మోచేతి దగ్గర రక్తం ఇచ్చి, సాయంత్రం రిపోర్టు కోసం కాచుకుని, దాన్ని డాక్టరుకు చూపించి ఇల్లు చేరేసరికి ఒక రోజు మొత్తం పోయేది. మధ్యలో ఒకసారి దగ్గరలోని మరో ల్యాబులో చేయిస్తే 1.6 అని వచ్చింది, రెండు రోజుల తేడాతో పాత ల్యాబులో 2.9 అని వచ్చింది. ఆ రెండు రోజుల్లో మేము పడిన భయం ఇంతా అంతా కాదు. అసలు ఐ.ఎన్.ఆర్. అనే కొలత పుట్టిందే ఇటువంటి తేడాలు పోగొట్టడానికి: ఒక్కో ల్యాబు వాడే రసాయనం ఒక్కో తీరున స్పందిస్తుంది కనుక, ఆ రసాయనపు స్వభావాన్ని తెలిపే ఒక సూచిక అంకెను లెక్కలో చేర్చి, ప్రపంచంలో ఎక్కడ పరీక్షించినా ఒకే విలువ రావాలని 1980 దశకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని తెచ్చింది. ఆ సూచికను ప్రతి కొత్త రసాయనపు సీసాకూ సరిచూసి మార్చకపోతే లెక్క తప్పుతుంది. రక్తం తీసిన గొట్టాన్ని సగమే నింపినా, గంటల తరబడి ఎండలో తిప్పి వేరే ఊరి ల్యాబుకు పంపినా తప్పుతుంది. ఆ రోజు తప్పు ఎక్కడ జరిగిందో మాకు తెలియలేదు కానీ, ఎప్పుడూ ఒకే చోట పరీక్ష చేయించుకోవడం మంచిదని మాత్రం తెలిసొచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగిపోయాయి. రెండు నెలలకు పైగా అమ్మకు పరీక్ష లేదు. మాత్ర వేసుకుంటూనే ఉంది, అంకె ఎంత ఉందో ఎవరికీ తెలియదు. హైదరాబాదులో ఉన్న నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. బస్సులు తిరగడం మొదలవగానే నేను చేసిన మొదటి పని ఈ మీటరు కొని ఊరికి తీసుకెళ్లడం.

వాడకం మొదటి వారం తలనొప్పిగానే ఉంటుంది. స్ట్రిప్‌ల డబ్బాతో పాటు వచ్చే చిన్న చిప్పును మీటరులో పెట్టాలి, ప్రతి డబ్బాకూ దాని చిప్పు వేరు. స్ట్రిప్ దూర్చగానే మీటరు దాన్ని వేడెక్కించుకుని, రక్తం పెట్టమని చుక్క గుర్తు చూపిస్తుంది. అప్పుడు వేలు పొడిచి, పదిహేను సెకన్ల లోపు మొదటి చుక్కనే అంచుకు తాకించాలి. చుక్క చాలకపోతే ఎర్రర్ చూపి స్ట్రిప్ పోతుంది, మళ్లీ ఇంకో చుక్క కలపడానికి వీల్లేదు. అమ్మ వేళ్లు పొలం పని చేసిన వేళ్లు, తోలు మందం. మా తమ్ముడి భార్య మొదట్లో వేలిని గట్టిగా పిండి చుక్క రప్పించేది. అలా పిండితే కండలోని నీరు రక్తంలో కలిసి గడ్డకట్టడం ముందే మొదలవుతుందని, అంకె తప్పుతుందని తరువాత తెలిసింది. ఇప్పుడు ఆమె పద్ధతి ఇది: అమ్మ చేతిని గోరువెచ్చని నీళ్లతో కడిగించి, బాగా తుడిచి, రెండు నిమిషాలు కిందికి వేలాడదీయించి, వేలి మధ్యన కాక పక్కన పొడుస్తుంది. ఈ పద్ధతి కుదిరాక ఏడాదికి ఒకటి రెండు స్ట్రిప్‌లకు మించి పాడవడం లేదు. స్ట్రిప్ మీదే దాని నాణ్యతను సరిచూసే ఏర్పాటు ఉండడం ఈ మీటరులో నాకు నచ్చిన గుణాలలో ముఖ్యమైనది. తేమకో వేడికో పాడైన స్ట్రిప్ అయితే తప్పు అంకె చూపకుండా ఎర్రర్ చూపి ఆగుతుంది.

వేడి మాట వచ్చింది కనుక దీన్ని కాస్త విడమరచి చెప్పాలి. స్ట్రిప్‌లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీద రాసి ఉంటుంది. రెంటచింతల ఎండ గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు; మే నెలలో మా ఇంట్లో గోడలు కూడా వేడి కక్కుతాయి. మొదటి వేసవిలో నేనే డబ్బాను కారు ముందు అరలో మరిచిపోయి, ఆ మధ్యాహ్నం వరుసగా మూడు ఎర్రర్లు చూశాను. అప్పటినుంచి డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో ఉంటుంది, పరీక్షకు ముందు కాసేపు బయట పెట్టి మామూలు వేడికి వచ్చాక తెరుస్తాం, స్ట్రిప్ తీసిన వెంటనే మూత బిగిస్తాం, తీసినదాన్ని పది నిమిషాలలోపు వాడేస్తాం. కరెంటు పోయినా పని ఆగదు, నాలుగు సన్న బ్యాటరీలతో చాలాకాలం నడుస్తుంది. పాత ఫలితాలు తేదీతో సహా మీటరులోనే ఉంటాయి.

ఇక ఖర్చు. మీటరు ధర మధ్యతరగతి ఇంటికి భారమే. దాన్ని ఒక్కసారి భరించవచ్చు కానీ స్ట్రిప్‌ల ఖర్చు ఆగదు, ఒక స్ట్రిప్ ఖరీదు ల్యాబు పరీక్షకు తక్కువేమీ కాదు. బస్సు ఛార్జీ, తోడు వెళ్లే మనిషి కూలీ పోవడం లెక్కలో వేస్తే మాకు సరిపోయింది; ల్యాబు పక్క వీధిలో ఉన్నవారికి ఈ లెక్క సరిపోదు. స్ట్రిప్‌లు మా దగ్గరి పట్టణాల షాపుల్లో దొరకవు, నేను హైదరాబాదు నుంచి పంపుతాను. ఒక షాపువాడు గడువు నెలన్నరలో ముగిసే డబ్బాను అదే ధరకు అంటగట్టాడు; గడువు దాటిన స్ట్రిప్‌ను మీటరు చిప్పు చూసి ఒప్పుకోదు కనుక అందులో సగం చెత్తబుట్టకు పోయాయి. కొనే ముందు గడువు తేదీ చూడకపోవడం నా తప్పే.

అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఏడాదికి రెండుసార్లు ఒకే రోజున మీటరు మీదా ల్యాబులోనూ చూస్తున్నాం. 2 నుంచి 3.5 మధ్య ఉన్నప్పుడు తేడా 0.3కు మించి మాకు ఎన్నడూ రాలేదు. 4 దాటాక ఇటువంటి మీటర్లన్నింటిలో తేడా పెరుగుతుంది కనుక, మీటరు ఎక్కువ అంకె చూపితే చేతి నరం నుంచి రక్తం తీయించి ల్యాబులో రూఢి చేసుకోమని మా డాక్టరు గారు చెప్పారు. 2018లో అమెరికాలో ఈ మీటరు స్ట్రిప్‌లలో కొన్ని బ్యాచ్‌లను కంపెనీ వెనక్కి తీసుకుంది, 4.5కు పైన అసలు కంటే ఎక్కువ చూపుతున్నాయన్నదే కారణం. మేము కొన్నది ఆ తరువాత కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు. రక్తహీనత బాగా ఎక్కువగా ఉన్నవారికి కూడా ఇది సరిగా చెప్పలేదు; రక్తంలో ఎర్రకణాల పాలు 25 నుంచి 55 శాతం మధ్య ఉండాలన్నది దీని నియమం. మన ఆడవారిలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే కనుక, కొనే ముందు ఒక రక్తపరీక్ష చేయించి ఆ సంగతి చూసుకోవడం మేలు. యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు అనే దోషం ఉన్నవారికైతే ఈ రకం మీటరు లేనిపోని ఎక్కువ అంకె చూపవచ్చు, వారు ల్యాబునే నమ్ముకోవాలి.

ఇప్పుడు మీటరుతో పాటు మేము పెట్టుకున్న నోటుబుక్కు గురించి చెప్పాలి, ఎందుకంటే ఐదేళ్లలో మాకు ఎక్కువ నేర్పినది అదే. పుస్తకంలో తేదీ, అంకె, మాత్ర మోతాదు, ఆ వారం తిన్నదీ మింగినదీ వేరుగా ఏమైనా ఉంటే అదీ మా మరదలు రాస్తుంది. మొదటి ఏడాది కార్తీకంలో అంకె 3.0 నుంచి 4.4కు పోయింది. మాత్ర మారలేదు, మందు మారలేదు. పుస్తకం చూస్తే అమ్మ సోమవారాలూ ఏకాదశీ ఉపవాసాలు ఉండి, మిగిలిన రోజుల్లో కూడా అన్నం కూర తగ్గించి పాలతోనూ పళ్లతోనూ సరిపెట్టింది. తిండి తగ్గితే విటమిన్ కె తగ్గుతుంది, అప్పుడు అదే మాత్ర ఎక్కువ పని చేస్తుంది. మరుసటి శ్రావణంలో దీనికి తిరగబడి జరిగింది: పెరట్లో గోంగూర విరగకాసి, వారమంతా పప్పు, పచ్చడి, పులుసు అన్నీ అదే అయ్యేసరికి అంకె 2.1కు దిగింది.

ఆకుకూర గురించి మన వైపు జరిగే ప్రచారంలో ఒక పొరపాటు ఉంది. ఆపరేషను అయి ఇంటికి వచ్చేటప్పుడు "ఆకుకూరలు ముట్టుకోవద్దు" అని ఎవరో ఒకరు చెబుతారు, రోగి జీవితాంతం తోటకూర, పాలకూర, మునగాకు మానేసి కూర్చుంటాడు. మానేయడం అవసరం లేదు, ఎక్కువ తక్కువలు లేకుండా తినడం అవసరం. వారానికి మూడు రోజులు కొలత ప్రకారం ఆకుకూర తింటే, మాత్ర మోతాదును ఆ తిండికి తగ్గట్టు డాక్టరు సరిచేస్తారు. ఒకనాడు బుట్టెడు, ఆపైన నెల రోజులు అసలే లేకపోవడమే చిక్కు. బుధ, శుక్ర, ఆదివారాలు అని నిర్ణయించుకున్నాక అమ్మ అంకెల గీత బాగా నిలకడ పడింది. ఇది మీటరు చేసిన పని కాదు, కానీ రెండు వారాలకోసారి ఇంట్లోనే చూసుకోగలగడం వలనే తిండికీ అంకెకూ ఉన్న సంబంధం మా కళ్లకు కనబడింది. నెలకోసారి ల్యాబుకు పోయినప్పుడు అది కనబడే అవకాశమే లేకపోయింది.

మందుల సంగతి తిండి కంటే ప్రమాదకరం. 2022లో అమ్మకు విరేచనాలు పట్టుకుంటే మా ఊరి మందుల షాపులో అడిగి మెట్రోనిడజోల్ మాత్రలు తెచ్చుకున్నారు. ఊళ్లో అది అందరికీ తెలిసిన మాత్ర, కానీ ఎసిట్రోమ్ ఒంట్లోంచి పోకుండా అది ఆపుతుంది. ఐదో రోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలో రక్తం కనబడి, మా మరదలు అనుమానించి వేలు పొడిస్తే 5.8 వచ్చింది. వెంటనే నరసరావుపేట తీసుకెళ్తే ల్యాబులో 5.3 అని తేలింది. డాక్టరు గారు ఆ మాత్ర ఆపించి, ఎసిట్రోమ్‌ను ఒక రోజు నిలిపి, మళ్లీ చూసి తిరిగి మొదలుపెట్టించారు. ఆమెకు చెప్పినది ఆమెకే, ఇంకొకరు దాన్ని పట్టుకుని తమ మాత్ర ఆపుకోకూడదు. కవాటం ఉన్నవారు సొంతంగా మాత్ర ఆపడం ఎక్కువ అంకె కంటే పెద్ద ప్రమాదం. మెట్రోనిడజోల్ ఒక్కటే కాదు, సెప్ట్రాన్ రకం యాంటీబయాటిక్ మాత్రలు, ఫంగస్ జబ్బులకు ఇచ్చే ఫ్లుకోనజోల్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ అంకెను పైకి తోస్తాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ ఎక్కువగా కిందికి లాగుతాయి. ఏ కొత్త మందు మొదలుపెట్టినా, పాతది మానినా, నాలుగైదు రోజుల్లో ఒకసారి చూసుకోవాలి.

మీటరుకు అందని ప్రమాదం కూడా ఒకటి ఉంది. మోకాళ్ల నొప్పి అంటే మన ఊళ్లలో ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్లి డైక్లోఫెనాక్ సూది పిరుదుకు వేయించుకోవడం అలవాటు. అమ్మకు ఒకసారి అలాగే వేశారు. ఆ రోజు ఐ.ఎన్.ఆర్. 3.1, అంటే హద్దులోనే ఉంది. మర్నాటికి సూది వేసిన చోట అరచేయంత నల్లగా కమిలి, ముట్టుకుంటే గట్టిగా తగిలింది. ఈ మాత్ర వాడేవారికి కండలోకి సూదులు వేయకూడదు, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తెస్తాయి కనుక అవీ కూడదు. అంకె హద్దులో ఉన్నంత మాత్రాన అన్నీ చెల్లుతాయని అనుకోకూడదని అప్పుడు తెలిసింది. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, మాట తడబడినా, చేయి వాలిపోయినా మీటరు తీయడం కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలని నోటుబుక్కు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాం. పక్కనే ఆమె వేసుకునే మాత్ర పేరు, మోతాదు, కవాటం రకం రాసి ఉన్నాయి. పన్ను పీకించడానికి వెళ్లినప్పుడు కూడా ఆ పుస్తకమే చూపిస్తే డాక్టరు మాత్ర ఆపించకుండా, ముందు రోజు అంకె చూసి పని పూర్తి చేశారు.

ఇంట్లో చూసుకోవడం వలన నిజంగా మేలు జరుగుతుందా అని తెలుసుకోవాలని నేను కొంత చదివాను. అనేక అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో, ఇంట్లో చూసుకునేవారిలో గడ్డల ప్రమాదం దాదాపు 40 శాతం తగ్గినట్లు, పెద్ద రక్తస్రావాలు మాత్రం తగ్గనట్లు తేలింది. 2010లో వెలువడిన మరో పెద్ద అమెరికా అధ్యయనంలో దాదాపు 2,900 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇంట్లో వారానికోసారి, రెండో జట్టుకు మంచి క్లినిక్కులో నెలకోసారి చూస్తే పక్షవాతం, రక్తస్రావం, మరణం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించలేదు: మంచి క్లినిక్కు దగ్గరలో ఉన్నవారికి మీటరు అదనంగా ఇచ్చేది తక్కువ, అటువంటి క్లినిక్కు లేనివారికి ఎక్కువ. మా ఊరు రెండో కోవలోది.

మోతాదు మార్పు మాత్రం ఈ ఐదేళ్లలో మేము సొంతంగా ఒక్కసారి కూడా చేయలేదు. పొద్దున చూసిన అంకెను, నోటుబుక్కు పేజీని మా మరదలు ఫోటో తీసి డాక్టరు గారికి వాట్సాప్‌లో పంపుతుంది, సాయంత్రం ఆరుకు మాత్ర వేసుకునే లోపు జవాబు వస్తుంది. మాత్రను సాయంత్రం వేళకు పెట్టుకోవడంలో సౌకర్యం అదే. ఇలా జవాబిచ్చే డాక్టరు అందరికీ దొరకరని తెలుసు. మీటరు కొనే ముందు మీ డాక్టరు గారిని ఈ ఒక్క మాట అడగండి: నేను అంకె పంపితే మీరు చూస్తారా? ఆయన కాదంటే ఆ డబ్బు బస్సు ఛార్జీలకు దాచుకోవడమే మంచిది. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న ఆడపిల్లలు కవాటం వేయించుకుని ఈ మాత్ర వాడుతుంటే వారి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది; మొదటి మూడు నెలల్లో ఈ మందు కడుపులోని బిడ్డకు హాని చేయగలదు కనుక గర్భం రాకముందే గుండె డాక్టరుతోనూ స్త్రీల డాక్టరుతోనూ మాట్లాడుకోవాలి, మీటరు ఆ పని చేయదు.

చూపు మందగించినవారు, చేయి వణికేవారు ఒంటరిగా వాడలేరు. ఇంట్లో ఒక్కరైనా చదువుకున్నవారు ఉండాలి, వారు ఊరెళ్తే ఇంకొకరికి నేర్పి ఉండాలి. మా మరదలు పుట్టింటికి వెళ్లిన నెలలో మా నాన్న నేర్చుకోబోయి రెండు స్ట్రిప్‌లు పాడుచేసి, మూడోది సరిగ్గా చేసి, ఊరంతా చెప్పుకున్నాడు. అమ్మను అడిగితే మీటరు గురించి ఆమె చెప్పేది ఒకటే: "సూది పొడిపించుకోవడానికి బస్సెక్కే పని తప్పింది నాయనా." మొన్న ఆదివారం చూస్తే 2.8 ఉంది. డబ్బాలో ఇంకా ఐదు స్ట్రిప్‌లు ఉన్నాయి, గడువు తేదీ ఈసారి చూసే కొన్నాను.